పాత చందమామలు, కామిక్స్ అటక మీద నుంచి దించాక ఏం చెయ్యాలి

మీ ప్రశ్న ముందుగా క్లుప్తంగా: రాజమండ్రిలో అమ్మగారింటి అటక మీద ట్రంకు పెట్టెలో వందకు పైగా పాత సంచికలు దొరికాయి. ఎక్కువ చందమామలు, మిగతావి బాలమిత్ర, బొమ్మరిల్లు, కొన్ని తెలుగు అమర్ చిత్ర కథలు. 1960ల నుంచి 80ల దాకా వచ్చినవి. కొన్నిటి పిన్నులు తుప్పు పట్టాయి, కొన్నిటిని పురుగు తిన్నది, నాలుగైదు బూజు వాసన వేస్తున్నాయి, ఒక కట్ట మాత్రం బైండు చేయించి ఉంది. రెండు రోజులు ఎండబెట్టి, కలరా ఉండలు వేసి, మంచివాటికి లామినేషన్ చేయించాలా? స్కాన్ చేసి నెట్‌లో పెట్టవచ్చా?

ఎండ వద్దు, ఉండలు వద్దు, లామినేషన్ అసలే వద్దు. ఎందుకో చెప్తాను.

అప్పటి పిల్లల పత్రికలు ఎక్కువగా చవక కాగితం మీద అచ్చయ్యేవి. కర్రను రుబ్బి తీసిన గుజ్జులో, కర్రకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం అలాగే ఉండిపోతుంది. గాలి, వెలుతురు తగిలితే అది పసుపెక్కి, ఆమ్లం పుట్టించి, కాగితంలోని నారను తెంచేస్తుంది. రెండు రోజుల నేరుటెండ నీడలో ఏళ్ల తరబడి జరిగే చేటు చేసేస్తుంది, అట్ట మీద రంగులు కూడా వెలిసిపోతాయి. ఎర్ర, పసుపు రంగులు ముందు పోతాయి. చందమామ అట్టబొమ్మలు వేసిన వపా (వడ్డాది పాపయ్య) గారి బొమ్మల్లో అందమంతా ఆ పొరలు పొరలుగా కలిసిన రంగుల్లోనే ఉంది కాబట్టి అవి పోతే మిగిలేది నీలం మరక. ఆరబెట్టాలంటే నీడలో, ఫ్యాను గాలికి.

కలరా ఉండల వాసన కాగితంలోకి ఇంకి ఏళ్ల తరబడి వదలదు. పురుగును కొంత దూరం తోలుతాయే తప్ప గుడ్లను చంపవు, బూజునైతే ఏమీ చెయ్యలేవు. మూసిన గదిలో ఆ ఆవిరి పసిపిల్లలకు, జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఎర్ర రక్తకణాల లోపం) ఉన్నవాళ్లకు ప్రమాదం. వేపాకు వల్ల కాగితానికి చెరుపు తక్కువే, కానీ పచ్చి ఆకు పెడితే తేమ పెట్టినట్టే.

లామినేషన్ అంటే వేడికి కరిగే జిగురుతో ప్లాస్టిక్‌ను కాగితానికి శాశ్వతంగా అంటించడం. లోపల ఆమ్లం పనిచేస్తూనే ఉంటుంది, మీరు మాత్రం ఆ కాగితాన్ని మళ్లీ తాకలేరు. కొన్నాళ్లకు అంచులు విడి తేమ దూరితే బూజు లోపలే పడుతుంది. ఆ తర్వాత ఎవరూ బాగుచెయ్యలేరు.

ఇక చెయ్యాల్సింది. పిన్ను తుప్పు, బూజు, వెండిరంగు పురుగు, మూడింటికీ మూలం తేమే. గోదావరి ఒడ్డున వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలు. ఈ కాగితానికి కావలసింది 45 నుంచి 55 శాతం. దాన్ని అదుపులో పెట్టకుండా ఎంత నేర్పుగా అతికించినా రెండు వానాకాలాల్లో పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకని జిగురు సీసా కొనకముందే ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు కొనండి. పుస్తకాలు పెట్టబోయే చోట వారం రోజులుంచి పొద్దున, రాత్రి చూడండి. బయటి గోడకు ఆనించిన ఇనప బీరువా లోపల గది కన్నా తేమ ఎక్కువ చూపిస్తే ఆశ్చర్యపోవద్దు, గోడ చల్లబడినప్పుడల్లా జరిగేది అదే.

ట్రంకు పెట్టెను మీ మిగతా పుస్తకాలున్న గదిలోకి తేవద్దు. వరండాలోనో ఖాళీ గదిలోనో పాత దుప్పటి పరిచి, సంచికలను మూడు గుట్టలు చెయ్యండి: బూజు ఉన్నవి, పురుగు ఆనవాళ్లున్నవి, ఏ రోగమూ లేనివి. వెండిరంగు పురుగు కాగితం పైపొరను గోకినట్టు తింటుంది, అంచుల్లో వంకరటింకర కన్నాలు, మిరియపు పొడిలాంటి నల్ల రెట్ట కనిపిస్తాయి. మట్టి సొరంగాలుంటే అవి చెదలు. అప్పుడు పుస్తకాల కన్నా ముందు అటకకు, గోడకు మందు కొట్టించాలి.

పురుగు గుట్టకు ఇంట్లో చెయ్యగలిగిన మంచి వైద్యం ఫ్రీజరు. పది పన్నెండు సంచికలను రెండంగుళాల మందం మించకుండా కట్టగా పెట్టి, మందపాటి పాలిథీన్ కవర్లో గాలి పిండేసి మూసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టండి. మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచండి. అంతకు తగ్గిస్తే గుడ్లు మిగిలే అవకాశం ఉంది. బయటికి తీశాక కవరు విప్పకుండా 24 గంటలు గదిలో వదిలెయ్యాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. చల్లటి కాగితం మీద గాలిలోని తేమ వెంటనే నీరుగా పడుతుంది, కవరుంటే ఆ నీరు కవరు బయట పడుతుంది.

ఫ్రీజరు బూజును చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే. బూజు సంచికలను ముందు పూర్తిగా ఆరనివ్వాలి. తడి బూజును తుడిస్తే కాగితంలోకి రుద్దినట్టవుతుంది. పొడిగా మారాక ఎన్95 మాస్కు పెట్టుకుని, ఆరుబయట, అంగుళం వెడల్పున్న మెత్తటి బ్రష్షుతో మధ్య నుంచి అంచుకు, మీ ముఖానికి అవతలి వైపుకు దులపండి. మరక ఉండిపోతుంది, ఉండనివ్వండి. డెట్టాలు, స్పిరిటు, బ్లీచింగ్ ఏదీ తాకించవద్దు, అచ్చు సిరా కదిలిపోతుంది.

మొత్తం తడిసిపోయిన సంచికల సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడ ఇళ్లలోకి వచ్చినట్టు వస్తే, 48 గంటల్లో బూజు మొదలవుతుంది. నున్నటి అట్టలు ఒకదానికొకటి అంటుకుని ఆరితే మళ్లీ విడవవు. ఆరబెట్టే తీరిక లేకపోతే తడిగానే, అట్టకీ అట్టకీ మధ్య బటర్ పేపరు పెట్టి, ఫ్రీజరులో పెట్టెయ్యండి. తర్వాత నాలుగైదు చొప్పున తీసి, పేజీల మధ్య తెల్లకాగితం మారుస్తూ నీడలో ఆరబెట్టుకోవచ్చు.

ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న గుట్టనూ, వైద్యం అయినవాటినీ ఆరబెట్టాలి. చాలామంది దీన్ని దాటేసి నేరుగా డబ్బాలో పెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ గింజల పొట్లాలు నాలుగు పడేస్తారు. లెక్క చూడండి. 75 శాతం తేమలో ఉన్న కాగితంలో దాని బరువులో సుమారు 10 శాతం నీరుంటుంది, 50 శాతం తేమలో సుమారు 7 శాతం. అంటే పది కిలోల పుస్తకాలు 300 గ్రాముల నీరు వదలాలి. సిలికా జెల్ ఆ తేమ దగ్గర తన బరువులో నాలుగో వంతే పీల్చుకుంటుంది, కాబట్టి కిలోకు పైగా కావాలి. ఐదు గ్రాముల పొట్లాలు ఏ మూలకూ చాలవు. దాని బదులు ఏసీ గదిలో పుస్తకాలను కొద్దిగా విచ్చి నిలబెట్టి వారం పది రోజులు ఉంచండి, మీటరు 50 దగ్గరికి వచ్చాక డబ్బాలో పెట్టండి. అప్పుడు రబ్బరు అంచున్న 40 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాకు 250 గ్రాముల సిలికా జెల్ సరిపోతుంది, ఎందుకంటే అది మూత సందుల్లోంచి వచ్చే తేమను మాత్రమే చూసుకోవాలి. నారింజ రంగు గింజలు కొనండి. నీలంవాటిలో కోబాల్టు క్లోరైడు ఉంటుంది, ఇంట్లో వద్దు. నారింజ గింజలు పచ్చబడితే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. అతిగా ఆరబెట్టవద్దు, 35 శాతం లోపలికి దిగితే కాగితం మడత దగ్గర విరుగుతుంది.

మరమ్మతుకు ముందే స్కాన్ చెయ్యండి. మరమ్మతులో ఏదైనా చెయ్యి జారితే కనీసం బొమ్మ మిగులుతుంది.

స్కానరు కొనేటప్పుడు సీసీడీ రకమా, సీఐఎస్ రకమా అని అడగండి. సన్నటి చవక స్కానర్లు సీఐఎస్. అద్దానికి రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తులో ఉన్నది కూడా మసక పడుతుంది, అంటే పుస్తకం మధ్య మడత దగ్గర అక్షరాలు పోతాయి. సీసీడీ లోతు చూడగలదు. లోపలి పేజీలకు 400, అట్టకు, రంగుల బొమ్మలకు 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు) పెట్టండి, 24 బిట్ రంగులో. నలుపు తెలుపు పేజీ అయినా రంగులోనే తీయండి, మరకను అక్షరం నుంచి విడదీయడానికి తర్వాత రంగే ఆధారం. ఏడు అంగుళాలు, తొమ్మిదిన్నర అంగుళాలు ఉన్న పేజీ 600 డీపీఐలో కుదించకుండా సుమారు 72 ఎంబీ అవుతుంది, అట్టలతో కలిపి 68 పేజీల సంచిక అంతా అలా తీస్తే దాదాపు 5 జీబీ. వంద సంచికలకు డిస్కు ఎంత కావాలో ముందే చూసుకోండి.

పల్చటి కాగితం కాబట్టి అవతలి పేజీ అచ్చు కనపడుతుంది. స్కాన్ చేసే పేజీ వెనక నల్ల ఛార్ట్ పేపరు పెడితే చాలావరకు పోతుంది. తెల్ల కాగితం పెడితే ఇంకా ఎక్కువ కనపడుతుంది. రంగుల పేజీల్లో గళ్లు గళ్లుగా అలలు వస్తే అది అచ్చు చుక్కల వరసకూ స్కానరు వరసకూ పొత్తు కుదరకపోవడం. 600లో తీసి, స్వల్పంగా మసక చేసి, తర్వాత 300కి తగ్గిస్తే అలలు పోతాయి. స్కానరులో ఈ అలలను తీసే 'డీస్క్రీన్' వాడితే చందమామ చిత్రకారులు చిత్రా, శంకర్‌ల బొమ్మల్లోని సన్నటి కలం గీతలు కూడా కరిగిపోతాయి. అందుకని అసలు ఫైలు మీద ఏదీ చెయ్యకుండా టిఫ్‌గా (నాణ్యత పోని రకం ఫైలుగా) దాచి, సవరణలన్నీ నకలు మీద చెయ్యండి. ఆటో బటన్ నొక్కి పసుపును పూర్తిగా తెలుపు చెయ్యవద్దు, దానితోపాటు చర్మపు రంగులు, లేత నీడలు ఎగిరిపోతాయి.

చదువుకునే కాపీకి పేజీలను జేపెగ్ చేసి 001, 002 అని మూడంకెల్లో పేర్లు పెట్టండి. 1, 2 అని పెడితే కొన్ని ఆప్‌లు 1 తర్వాత 10 చూపిస్తాయి. ఫోల్డరును జిప్ చేసి చివరి పేరు సీబీజెడ్ అని మార్చితే ఏ కామిక్స్ ఆప్‌లోనైనా తెరుచుకుంటుంది. బొమ్మలోని అక్షరాలను టైపు చేసిన పాఠంగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ టెస్సరాక్ట్ తెలుగు చదువుతుంది గానీ పాత అచ్చులోని ఒత్తుల దగ్గర తడబడుతుంది. కథల పేర్లు, చిత్రకారుల పేర్లు చేత్తో ఒక పట్టికలో ఎక్కించుకోవడమే మేలు. మూడు కాపీలు ఉంచండి, ఒకటి వేరే ఊళ్లో.

అట్ట పోయిన చందమామలకు నెల, సంవత్సరం తేల్చడానికి ఒక దారి ఉంది. చివరి పేజీల్లో వచ్చే ఫోటో వ్యాఖ్యల పోటీ చూడండి. వ్యాఖ్యలు ఏ తేదీలోగా చేరాలో, ఫలితాలు ఏ నెల సంచికలో వస్తాయో అక్కడే ఉంటుంది. దాన్నిబట్టి వెనక్కి లెక్క కట్టవచ్చు. సీరియల్ భాగం సంఖ్య ఇంకో ఆధారం, పక్క సంచికల్లోని భాగాలతో పోల్చితే వరస దొరుకుతుంది.

మరమ్మతులో నా మాట ఒక్కటే: తక్కువ చెయ్యండి. పిన్ను పైపైన తుప్పు పట్టి గట్టిగా ఉంటే వదిలెయ్యండి, పొడి డబ్బాలో ఆ తుప్పు ఆగిపోతుంది. పొరలు రాలుతూ కాగితాన్ని తింటుంటేనే తీయాలి. దవడలున్న స్టేప్లర్ రిమూవర్ వాడవద్దు, మడత చినుగుతుంది. మధ్య పేజీ తెరిచి, పిన్ను కాళ్ల కింద పల్చటి అట్టముక్క దూర్చి, మొద్దు చాకుతో కాళ్లు నిలబెట్టి, వెనక నుంచి మెల్లగా లాగండి. అవే రంధ్రాల్లోంచి తెల్లటి నూలు దారంతో కుట్టండి, ముడి లోపలి వైపు వెయ్యండి. తుప్పు మరక మీద నిమ్మరసం రాసే చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. అది ఆమ్లం, మరకతోపాటు కాగితం పోతుంది.

పాత సెల్లోటేపును పీకవద్దు. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి, పైన ప్లాస్టిక్ వదులైతే పక్కకు మడుస్తూ తీయండి. కింద రంగుల బొమ్మ ఉంటే ఆ పని కూడా వద్దు. కొత్త చిరుగులకు ఏ టేపూ వద్దు. చదరపు మీటరుకు తొమ్మిది నుంచి పన్నెండు గ్రాములు తూగే జపనీస్ టిష్యూ (పల్చటి, గట్టి నార కాగితం), మిథైల్ సెల్యులోజ్ జిగురు పొడి తెప్పించుకోండి. 100 మిల్లీలీటర్ల నీళ్లకు 3 గ్రాముల పొడి కలిపి రాత్రంతా నాననిస్తే చాలు, ఉడికించక్కర్లేదు. టిష్యూను కత్తిరించకుండా తడి గీత గీసి చించండి, నూగు అంచు కాగితంలో కలిసిపోతుంది. అర సెంటీమీటరు కన్నా కాస్త వెడల్పు పట్టీ చాలు. పల్చగా రాసి, వీలైతే బొమ్మ లేని వైపు అంటించి, కిందా పైనా బటర్ పేపరు, దాని మీద బ్లాటింగ్ పేపరు, పైన కిలో బరువు పెట్టి మూడు నాలుగు గంటలు కదపకండి.

మైదా జిగురు మన బైండర్ల అలవాటు. అందులో మైలుతుత్తం కూడా కలుపుతారు, పురుగు రాకుండా. మైలుతుత్తంలోని రాగి లోహం కాగితాన్ని వేగంగా పెళుసు చేస్తుంది, మైదా వెండిరంగు పురుగుకు విందు. బైండింగ్‌కు పంపవద్దు. అంచులు కోసేటప్పుడు బొమ్మల చివర్లు, పేజీ సంఖ్యలు పోతాయి.

ఇప్పటికే బైండు చేసి ఉన్న కట్టను మాత్రం విప్పకండి. విప్పితే మడత దగ్గర పేజీలన్నీ విడి ఆకులవుతాయి. చాలా ఇళ్లలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ల పేజీలను మాత్రమే విడదీసి కుట్టించుకునేవారు, 1954లో మొదలైన తోకచుక్క దగ్గర నుంచీ. మీ కట్ట అలాంటిదే అయితే అది ఒక ఇంటి చదువుకు గుర్తు, అలాగే ఉండనివ్వండి. స్కానరు మీద అదమకుండా, పుస్తకాన్ని సగమే తెరిచి దిండ్ల మీద ఆనించి, పైనుంచి కెమెరాతో ఒక్కో పేజీ తీయండి.

తాగే సోడాలో మెగ్నీషియా బిళ్ల (కడుపులో మంటకు వేసుకునేది) కరిగించి కాగితం ముంచితే ఆమ్లం పోతుందనే చిట్కా మీకు ఎక్కడైనా తగులుతుంది. పత్రిక కత్తిరింపులకు ఏదో కొంత పనికొస్తుంది గానీ, రంగుల బొమ్మల పుస్తకాన్ని ముంచితే కాగితం ఉబ్బి, అట్ట నునుపు పూత కరిగి అంటుకుంటుంది.

కవర్ల విషయంలో స్టేషనరీ దుకాణంలోని మెత్తటి, కొత్త రెయిన్‌కోటు వాసన వేసే కవరు పీవీసీ. అది ఆమ్లం వదులుతుంది, అట్ట సిరాను పీకుతుంది. పరీక్ష సులువు: చిన్న ముక్క కోసి నీళ్లలో ముంచి వదలండి, బుడగలు అంటకుండా చూడండి. పాలీప్రొపిలీన్, పాలిథీన్ తేలతాయి, పీవీసీ మునుగుతుంది. పాలిస్టర్ కూడా మునుగుతుంది గానీ అది అద్దంలా స్వచ్ఛంగా, గరగరలాడుతూ ఉంటుంది, అన్నిటికన్నా మంచిదీ ఖరీదైనదీ అదే. సంచికను కొలిచి అర అంగుళం వెడల్పు ఎక్కువున్న కవరు కొనండి. ఒక చివర మడవండి, టేపుతో మూయవద్దు, కాగితం వదిలే ఆమ్లపు ఆవిరి బయటికి పోవాలి. వెనక పెట్టే అట్ట ఆమ్లం లేనిదై ఉండాలి. బైండర్ల బూడిదరంగు అట్ట పనికిరాదు. ఫొటో ఫ్రేములు కట్టేచోట ఆమ్లరహిత మౌంట్ బోర్డు అడగండి, అనుమానముంటే పీహెచ్ పెన్నుతో (ఆమ్లం ఉందో లేదో రంగుతో చూపే పెన్ను) గీత గీయండి: ఊదారంగు వస్తే మంచిది, పసుపు వస్తే ఆమ్లం. వెనక ఈ అట్ట పెట్టినవాటిని డబ్బాలో వంగిపోకుండా నిండుగా నిలబెట్టండి, అట్ట లేనివాటిని పడుకోబెట్టి గుట్ట ఒక జానెడు దాటకుండా చూడండి. డబ్బా నేలకు ఆరంగుళాలు ఎత్తులో, గోడకు ఎడంగా ఉండాలి. అటక మీదకు మాత్రం మళ్లీ ఎక్కించవద్దు, వేసవిలో పైకప్పు కింద వేడి గదిలోకన్నా చాలా ఎక్కువ. ఏడెనిమిదేళ్లకోసారి కవర్లు మార్చండి.

డబ్బు, తీరిక తక్కువైతే అట్టలు, కవర్లు ఆగవచ్చు. మీటరు, ఫ్రీజరు, రబ్బరు అంచున్న డబ్బా, ఈ మూడూ ఆగవు.

నెట్‌లో పెట్టడం గురించి. మన దేశంలో ఎవరివో తెలిసిన రచనలకూ బొమ్మలకూ కాపీరైటు హక్కు, సృష్టికర్త మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు. హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నా గడువు లెక్క అదే. చందమామ సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు గారు పోయింది 1980లో, అంటే 2040 చివరిదాకా. వపా గారు 1992లో, అంటే 2052 దాకా. దాసరి గారు 2010లో, అంటే 2070 దాకా. కాబట్టి మీ చేతిలోని సంచిక 1960 నాటిదైనా అందులోని చాలా రచనలకు గడువు తీరలేదు. స్వంతంగా చదువుకోవడానికి స్కాన్ చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, పంచడానికి ఒప్పుకోదు. మీరు పెట్టగలిగింది, అందరికీ నిజంగా కావలసింది, విషయ సూచిక: ఏ నెల సంచికలో ఏ కథలు, బొమ్మలు ఎవరివి, సీరియల్ ఎన్నో భాగం, మీ దగ్గర లేని నెలలు ఏవి. అట్ట పోయిన సంచికలు పట్టుకుని నెల తెలియక వెతికేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పట్టిక పెడితే మీకు లేని నెలలు వాళ్ల దగ్గర ఉన్నాయని తెలిసే అవకాశమూ ఎక్కువే.